తూకం రోజు తోడు వచ్చినవారు

"ఈ మెట్ల మీదే దీనికి ఏమన్నా అయిపోతే మనమేం చెయ్యాలండీ?" అని మావారిని అడిగాను. అప్పటికి ఏమీ కాలేదు. ఏమీ కాకముందే భయపడటం నా అలవాటు. అయ్యాక భయపడదామంటే అప్పుడు సవాలక్ష పనులుంటాయి, తీరిక దొరకదు.

బడి తెరిచిన మొదటి రోజు అది. మా పాప తరగతిని మూడో అంతస్తుకు మార్చారు. పాపకు పదేళ్ళు. మేమిద్దరం కింద నిలబడి చూస్తుంటే, అది ప్రతి మలుపు దగ్గరా ఆగి, వంగి, బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకుంటోంది. ఊడిన లేసు కట్టుకునే పిల్లల్ని చూశాను గానీ, కట్టి ఉన్నదాన్ని విప్పి కట్టుకునే పిల్లను చూడటం అదే మొదలు. ఆయాసం తీర్చుకుంటోందని నాకు అర్థమైంది. మావారికీ అర్థమైంది. కానీ ఆయన నీటి సరఫరా ఆఫీసులో సూపరింటెండెంటు. ఏ సమస్యనైనా దాని పక్కనున్న సమస్యగా మార్చి పరిష్కరించడంలో ఇరవై రెండేళ్ళ అనుభవం ఉంది. ఆ సాయంత్రమే లేసుల్లేని బూట్లు కొనుక్కొచ్చారు. మర్నాటినుంచి పాప ప్రతి మలుపు దగ్గరా ఆగి గోడమీది నోటీసులు చదవసాగింది. అగ్నిప్రమాదం జరిగినప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు దానికి ఇప్పుడు కంఠతా వచ్చు.

పిల్లల డాక్టరు రక్తపరీక్ష చేయించాడు, కడుపుకు స్కానింగు చేయించాడు. కాలేయానికి కొవ్వు పట్టిందనీ, రక్తంలో చక్కెర గీత దగ్గరికి వచ్చి నిలబడిందనీ, ఇంకో ఏడాది ఇలాగే సాగితే గీత దాటుతుందనీ చెప్పాడు. ఆయన చెప్పింది ఏడాది తర్వాతి సంగతి. ఏడుపు మాత్రం నేను అప్పుడే మొదలుపెట్టాను. పెద్దాసుపత్రిలో 'కుటుంబ చికిత్స' అని ఒకటుందనీ, పన్నెండు వారాలు నడుస్తుందనీ, ఒక విడతకు ఎనిమిది మంది పిల్లల్నే తీసుకుంటారనీ చెప్పి చీటీ రాసిచ్చాడు. మేం వెళ్ళేసరికి సీట్లు నిండిపోయాయి. ఎవరో మానేస్తే మాకు దొరికింది. మంచి వైద్యమైతే వాళ్ళెందుకు మానేశారా అని నేను, ఒకరి అమాయకత్వం ఇంకొకరి అదృష్టమని మావారు, ఎవరి ఆలోచనలో వాళ్ళం వెళ్ళి చేరాం.

అక్కడ డైటు మేడమ్ అని ఒకావిడ ఉంది. సన్నగా, నెమ్మదిగా, ఎవరినీ తిట్టకుండా మాట్లాడుతుంది. అలాంటివాళ్ళంటే నాకు మరీ భయం. ఆవిడ గది గోడమీద 'ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ సామెత మా ఇంట్లో అందరికీ వచ్చు. పక్కింటివాళ్ళ గురించి తరచుగా వాడుతుంటాం.

"పాప ఒక్కదానికే విడిగా వైద్యం లేదమ్మా," అంది డైటు మేడమ్. "మీరేం తింటే అదే తింటుంది, మీరు కూర్చుంటే తనూ కూర్చుంటుంది. అందుకని ఇంటిల్లిపాదికీ ఒకటే పద్ధతి. ప్రతి శనివారం పాపతోపాటు మీరూ తూగాలి. నాలుగో శనివారం లోపు పెద్దవాళ్ళలో ఒక్కరన్నా ఈ మిషనెక్కకపోతే సీటు మీ వెనక వరసలో ఉన్న ఇంకో పాపకి పోతుంది. మళ్ళీ మీ వంతొచ్చేసరికి ఏడాది పడుతుంది. రూలు నేను పెట్టింది కాదు, ఏమనుకోకండి."

మేమేమీ అనుకోలేదు. ఏడాది అన్న మాట మాత్రం నా చెవిలో పడి అక్కడే కాపురం పెట్టింది.

ఇంటికి రాగానే కుటుంబ సమావేశం జరిగింది. మా కుటుంబం అంటే మామయ్యగారు, అత్తయ్య, మావారు, మేడమీద గదిలో ఉండే మరిది, నేను, పాప. చికిత్స అందరిదీ కాబట్టి అందరూ సహకరించవలెనని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. తీర్మానం రాసినవారు మావారు, బలపరిచినవాడు మరిది. సమావేశం రెండు గంటలు జరిగింది కనుక మధ్యలో ఉల్లిపాయ వేపుడు ఇవ్వడమైనది. పాపకు కీరదోసకాయ ముక్కలు ఇచ్చాం.

ముందుగా పేరు సంగతి తేల్చాం. పాపను ఎనిమిదో నెలనుంచీ మా అత్తయ్య 'గుమ్మడి' అని పిలుస్తుంది. ఒంటిని పట్టి పేరు పెట్టకూడదని డైటు మేడమ్ గట్టిగా చెప్పింది. ఆ మాట మన్నించి మా ఇంట్లో ఆ పేరు ఆ రోజే రద్దు చేశాం. అప్పటినుంచి దాన్ని అందరూ 'పేషెంటు' అని పిలుస్తున్నారు.

తర్వాత రంగులు. ఇంట్లో ఉన్న తినే వస్తువులన్నిటికీ బొట్టుబిళ్ళలంత కాగితాలు అంటించాలట. ఎప్పుడో గానీ తినకూడనివాటికి ఎరుపు, చూసుకుని తినేవాటికి పసుపు, హాయిగా తినేవాటికి ఆకుపచ్చ. పాప ఒక ఆదివారమంతా కూర్చుని ముద్దుగా అంటించింది. మర్నాడు మావారు తనిఖీ చేసి, చిప్స్ డబ్బా ఎరుపు పొరపాటున పడిందనీ, బంగాళాదుంప కూరగాయే కదా అనీ చెప్పి, పునఃపరిశీలన పూర్తయ్యేవరకు తాత్కాలికంగా పసుపులోకి మార్చారు. నానమ్మ మంచం కింది మిఠాయి డబ్బా మందుల కింద లెక్క, దానికి రంగు వర్తించదు. కూల్‌డ్రింకులు చుట్టాలకోసం, చుట్టాలు చికిత్సలో లేరు. రెండో వారానికి ఇల్లంతా పచ్చగా కళకళలాడింది. ఇంత ఆరోగ్యకరమైన ఇల్లు ఈ వీధిలో ఇంకోటి లేదని మా మరిది అన్నాడు. ఎర్ర కాగితాలు మిగిలిపోతే అత్తయ్య వాటిని పాప తినే పళ్ళేనికి అంటించింది, గుర్తుగా ఉంటుందని.

మా మరిది గురించి చెప్పాలి. అతను ఉదయపు నడక సంఘానికి ఉపాధ్యక్షుడు. పార్కు మా ఇంటికి మూడు వీధుల అవతల. నడకకు ఆలస్యం కాకూడదని స్కూటరు మీద వెళతాడు. పాపను నడిపించే బాధ్యత తనదేనని ముందుకొచ్చాడు. రోజూ దాన్ని వెనకాల కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళి, పార్కులో వదిలి, తను బెంచీ మీద కమిటీతో కూర్చుని నడక ప్రాముఖ్యం గురించి చర్చించేవాడు. పాప ఆ బెంచీ చుట్టూ తిరిగేది. "పద, పద, ఆగావంటే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది," అని కూర్చునే హుషారిచ్చేవాడు.

ఇక మొదటి శనివారం. అందరం మంచి బట్టలు కట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాం. పాప ఎక్కింది. డైటు మేడమ్ మా వంక చూసింది. అప్పుడు మా మామయ్యగారు గొంతు సవరించుకున్నారు. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఆయన చేతి ముద్ర పడందే ఒకప్పుడు ఈ ఊళ్ళో త్రాసు పైకి లేచేది కాదు.

"ఈ యంత్రానికి ఈ ఏడాది ముద్ర ఉందా అమ్మాయ్?" అన్నారు.

డైటు మేడమ్ వెతికింది. ముద్ర కనబడలేదు.

"ముద్ర లేని యంత్రం మీద వస్తువును తూచడం నేరం," అన్నారు మామయ్యగారు. "మనుషుల్ని తూచడం ఇంకా ఎంత నేరమో ఆలోచించు. నేను చట్టాన్ని గౌరవించేవాణ్ణి. విచారణ పూర్తయ్యేవరకు మా ఇంట్లో పెద్దవాళ్ళెవరూ ఎక్కరు."

మా అందరి గుండెల్లోంచి ఒక పెద్ద రాయి దిగిపోయింది. వెంటనే నాకు ఇంకో భయం పట్టుకుంది. ముద్ర లేని యంత్రమైతే పాప బరువు ఇంకా ఎక్కువేమో.

రెండో శనివారం ఆయన ఒక గోనెసంచీతో వచ్చారు. అందులో పదికిలోల రాయి ఒకటి, అయిదుకిలోలవి రెండు. రిటైరైనప్పుడు సాటి ఉద్యోగులు పూలదండ వేసి ఇచ్చినవి. మోసింది మావారు. వాటిని ఒక్కొక్కటే యంత్రం మీద పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, కిందికి వంగి చూశారు. ఇరవై అని చూపించింది. తీసి మళ్ళీ పెట్టారు. ఇరవై. యంత్రాన్ని మూలకు జరిపించి పెట్టారు. ఇరవై. ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఇంత నిజాయితీ గల యంత్రాన్ని చూడలేదని ఆయన బాధగా ఒప్పుకున్నారు.

"అయితే ఎక్కుతారా అండీ?" అంది డైటు మేడమ్.

"తనిఖీ చేసినవాడు తూగకూడదమ్మా. అది మా శాఖలో మొదటి పాఠం," అన్నారాయన.

ఆ దారి ఆయన తెరిచారు. మిగతావాళ్ళం ఒకరి వెనక ఒకరం నడిచాం. ఆసుపత్రి చీటీలో రెండు గడులున్నాయి, 'కుటుంబం' అని ఒకటి, 'తోడు వచ్చినవారు' అని ఒకటి. కుటుంబం గడిలో ఉన్నవాళ్ళు తూగాలి. తోడు వచ్చినవాళ్ళు కూర్చుంటే చాలు, వాళ్ళకు కుర్చీలు కూడా ఉన్నాయి. మా మరిది తన గదికి కరెంటు మీటరు వేరే ఉందనీ, ఆ ప్రకారం తనది వేరు కుటుంబమనీ నిరూపించాడు. మూడు పూటలా మా దగ్గరే తింటాడు గానీ తిండికి మీటరుండదు కదా. మావారు తాను సంతకం చేసే అధికారి కాబట్టి లెక్కలో చేరడం నియమవిరుద్ధమన్నారు. మా అత్తయ్య పైటకొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నేనెన్నాళ్ళుంటాను తల్లీ, నేడో రేపో పోయేదాన్ని. పోయేదాని బరువు రాసుకుని మీరేం చేసుకుంటారు?"

ఆవిడ పదకొండేళ్ళుగా నేడో రేపో పోతోంది. మొన్ననే కొత్త పళ్ళు కట్టించుకుంది.

నా సంగతి అడుగుతారేమో. నాకు మోకాళ్ళ నొప్పి. ఆ యంత్రం ఎత్తు నాలుగు వేళ్ళుంటుంది. ఎక్కితే ఎక్కుతాను, దిగేటప్పుడు పడితే? పడి తుంటి విరిగితే పిల్లకు వండేదెవరు? అందుకని నన్ను కూడా తోడు గడిలోనే రాసుకోమన్నాను. నిజం చెప్పాలంటే నేను విడిగా ఏమీ తినను. వండేటప్పుడు ఉప్పు చూస్తాను, అందరూ తిన్నాక మిగిలింది పారేయలేక నోట్లో వేసుకుంటాను. దాన్ని తినడం అనరు.

అలా రెండో శనివారానికి చీటీలో కుటుంబం గడి ఖాళీ అయింది. తోడు గడిలో చోటు చాలక మరిది పేరు అంచుమీద నిలువుగా రాయాల్సి వచ్చింది. ఆ చీటీ నింపడం ఆసుపత్రివాళ్ళు పిల్లలకే అప్పగిస్తారు. ఎవరి చికిత్స వాళ్ళకు తెలియాలని. పాప తలవంచుకుని గుండ్రటి అక్షరాలతో రాసింది.

ఇంత చేసినా, మీరు నమ్మరు, మూడో శనివారానికి పాప ఆరువందల గ్రాములు తగ్గింది. అది ఒక్కతే పచ్చవి తిని, అది ఒక్కతే బెంచీ చుట్టూ తిరిగి తగ్గించింది. మాకు ఆనందం పట్టలేదు. కుటుంబ చికిత్స ఇంత బాగా పనిచేస్తుందనుకోలేదని మావారు ఆఫీసులో చెప్పుకున్నారు. మరిది నడక సంఘంలో సన్మానం చేయించుకున్నాడు. సాయంత్రం కేకు తెప్పించాం. పాప తినకూడదు కాబట్టి పాప పేరున మేం తిన్నాం. కోసింది పాపే. ముక్కలు సమానంగా వచ్చేలా స్కేలు పెట్టి కోసి, అందరికీ అందించి, వంటింట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

ఆ ఆరువందల గ్రాములు చూసి సంతోషించవలసినదాన్ని నేను, భయపడ్డాను. తగ్గడం మొదలుపెట్టిన పిల్ల ఆగకపోతే? బళ్ళో కళ్ళు తిరిగి పడిపోతే? అందుకని దాని సంచిలో రోజూ ఒక బిస్కెట్ పొట్లం పెట్టడం మొదలుపెట్టాను. అది తినడానికి కాదు, నా ధైర్యానికి. నా ధైర్యం రోజూ నాలుగింటికి ఖాళీ కాగితమై తిరిగొచ్చేది. నేనడగలేదు, అది చెప్పలేదు.

నాలుగో శనివారం పాప ఎక్కింది. ఎనిమిదివందల గ్రాములు పెరిగింది.

గదిలో మేం ఆరుగురం. డైటు మేడమ్ తిట్టలేదు. పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసి, "ఇవాళ ఆఖరి రోజమ్మా," అంది. "పెద్దవాళ్ళెవరూ ఎక్కకపోతే ఫైలు మూసెయ్యాలి. బయట ఇంకో పాప వెయిటింగులో ఉంది."

మరిది లేచి నిలబడ్డాడు. ఎక్కుతాడేమో అనుకున్నాను. అతను చేతులు వెనక్కి కట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. "బాలల ఆరోగ్యం కేవలం ఒక కుటుంబం బాధ్యత కాదండీ. యావత్ సమాజం బాధ్యత. ఈ నిబంధనలో సమాజానికి చోటు లేకపోవడం విచారకరం. మా నడక సంఘం తరఫున దీన్ని నేను తీవ్రంగా…"

"కూర్చో బాబాయ్," అంది పాప. "బల్లకి అడ్డమొస్తున్నావు."

అది బల్ల దగ్గరికి వెళ్ళి చీటీ తీసుకుంది. ఈ వారం చీటీ ఇంకా నింపలేదు. పెన్ను పట్టుకుని మా వరసకేసి తిరిగింది. దాని ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండునని ఇప్పుడనిపిస్తోంది.

"తాతయ్యా, మిమ్మల్ని ఎందులో రాయను?"

"తోడులో రాయమ్మా. నిబంధన ప్రకారం అంతే."

"నానమ్మా?"

"నాదేముంది తల్లీ. ఎందులో రాసినా రేపు కొట్టేసేదేగా. తోడులో రాయి."

"నాన్నా?"

మావారు ఫోనులో ఏదో ముఖ్యమైన సందేశం చదువుతూ వేలితో రెండో గడి చూపించారు. బాబాయి అడగకుండానే తల ఊపాడు. పాప అందరినీ రాసింది. అక్షరాలు పోయినవారం కంటే చిన్నవిగా రాసింది, అంచుమీదికి పోకుండా.

"అమ్మా, నిన్నెందులో రాయను?"

నేను యంత్రం వైపు చూశాను. దానిమీద సున్నా వెలుగుతోంది. అద్దం తలుపు అవతల ఇంకా నాలుగు కుటుంబాలు తమ వంతు కోసం కూర్చుని ఉన్నాయి. కుటుంబాలంటే నలుగురు పిల్లలు, పదిహేను మంది తోడు. అందరూ మావైపే చూస్తున్నారు. నేను చూడగానే ఒకాయన పైకప్పుకేసి చూశాడు, ఒకావిడ చేతిసంచి సర్దుకుంది. మీరైతే మొదటి శనివారమే ఎక్కేవారని నాకు తెలుసు. చదివేవాళ్ళందరూ ఎప్పుడూ మొదటి శనివారమే ఎక్కుతారు.

నేను ఎనభై దాటితే? తొంభై అయితే? ఈ పిల్ల ఒళ్ళు ఎవరి చేతిలోంచి వచ్చిందో అంకెల్లో అందరికీ కనబడితే? అత్తయ్య ఆ అంకెను చుట్టాలందరికీ చెబుతుంది. మావారు ఫైల్లో పెడతారు. ఎక్కేటప్పుడు పడితే? ఎక్కకపోతే? ఏడాదిలో గీత దాటితే? నా జీవితంలో నేను పడ్డ భయాలన్నీ ఒక్కసారిగా వచ్చి ఆ గదిలో నిలబడ్డాయి. వాటిలో ఎత్తైనది ఏదా అని మొదటిసారి పోల్చి చూశాను. పంకా గిర్రున తిరుగుతోంది. మామయ్యగారు దగ్గారు. ఇక వెళదామా అన్నట్టు మావారు లేచి చొక్కా సర్దుకున్నారు. డైటు మేడమ్ ఫైలు అట్ట మీద చెయ్యి వేసింది కానీ మూయలేదు. పాప తొందరపెట్టలేదు. పెన్ను రెండు గడుల మధ్యన పట్టుకుని, బడి మెట్ల మలుపులో ఆగినట్టే ఆగి ఉంది. అక్కడ చదువుకోవడానికి నోటీసు కూడా లేదు.

నేను చేతిసంచి మావారి చేతుల్లో పడేశాను. చెప్పులు విప్పాను.

"కుటుంబంలో రాయి," అన్నాను. "పక్కన ఎంత చూపిస్తే అంతా రాయి. చిన్నది చెయ్యకు."